పులి పళ్ల మందులో వాటా

అనగనగా, జంతువులకు జబ్బులు కాసినీ, ఆ జబ్బుల మీద సలహాలు బోలెడన్నీ ఉన్న కాలంలో, నల్లరేవు అని ఒక అడవి ఉండేది.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. ఏ వైద్యుడైనా కొత్త మందు మొదలుపెడితే, అది తయారయ్యేదాకా అతని పొట్ట గడవాలి కదా! అందుకని జంతువులు తలా కాసిని గింజలు ఇచ్చేవి. వైద్యుడు ఒక మోదుగాకు మీద తన గోటిగుర్తు వేసి ఇచ్చేవాడు. ఆ ఆకు ఎవరి దగ్గర ఉంటే వారికి మందులో వాటా ఉన్నట్టు. నక్క గింజలు తింటుందా అని అడగకండి. గింజలుంటే ఆ అడవిలో ఏదైనా దొరికేది.

మందు పనిచేస్తే వాటాదార్లకు ఎంతో కొంత ముట్టేది. కానీ ఎంతో కొంతతో ఎవరికి తృప్తి? అందరి ఆశా ఏటి అవతలి ఏనుగు షావుకారు మీదే. ఆయన మనసు పడితే మందునీ, మూలికలనీ, వైద్యుడి ఇంటినీ ఏకమొత్తంగా కొనేసేవాడు. అప్పుడు ఒక్కో ఆకుకు పదింతలు గింజలు!

ఆ ఏడు నెమలి వైద్యుడు పురి విప్పి నిలబడి, “ముసలి పులికి మళ్లీ పళ్లు మొలిపించే మందు చేస్తున్నాను!” అని చాటాడు.

అడవి ఊగిపోయింది. పులికి పళ్లొస్తే ముందు పోయేది మనమే కదా అని ఒక్కరికైనా తోచిందా? తోచలేదు. వాటా మీద ఉన్న ధ్యాస ప్రాణం మీద ఉంటేగా!

రోజూ పొద్దున్నే వాటాదార్లు వాగు పక్క బండ మీద చేరి వాదించుకునేవారు. వారిలో నక్క బావ పెద్ద పండితుడు. ఆకు ధర ఏనాడు ఎంత పలికిందో బండ మీద గోటితో గీతలు గీసి, ఆ గీతల్లో రేపటి సంగతి చదివేవాడు. కాకి మావయ్య వార్తలు తెచ్చేవాడు. దొరకని రోజున తయారు చేసేవాడు.

ఉడుత చిన్నమ్మి కూడా అక్కడికి వచ్చి ఓ పక్కన కూర్చునేది. దాని తొర్రలో మానెడు గింజలున్నాయి. అప్పుడప్పుడే కళ్లు తెరిచిన పిల్లలు ముగ్గురున్నారు. వానాకాలం అంతా ఆ మానెడుతోనే గడవాలి. అవి పదింతలైతే పిల్లలకు ఏడాది పొడుగునా లోటుండదు కదా అని చిన్నమ్మికి ఆశ.

ఇలా మూడు నెలలు గడిచాక, ఒక రోజు ఏనుగు షావుకారు ఏరు దాటి వచ్చి, నెమలి ఇంటి ముందు నిలబడి వెళ్లాడు.

“నిలబడ్డాడంటే కొంటున్నాడన్నమాటే!” అన్నాడు కాకి మావయ్య. సోలెడు గింజల ఆకు తవ్వెడైంది.

రెండో రోజు షావుకారు వచ్చి నెమలి ఇంటి గోడకు వీపు ఆనించి, అటూ ఇటూ బాగా రుద్దాడు.

“గోడ గట్టిదో కాదో చూసుకుంటున్నాడు. కొనబోయే ఇల్లు కాకపోతే ఎందుకు చూస్తాడూ?” అన్నాడు నక్క బావ. తవ్వెడు ఆకు మానెడైంది.

మూడో రోజు షావుకారు అసలు రానే లేదు.

“చూశారా! బేరం రహస్యంగా నడుస్తోంది!” అని ఇద్దరూ ఒకేసారి అరిచారు. బండ దద్దరిల్లింది.

చిన్నమ్మి మెల్లగా అడిగింది. “బావా, ఇంతకీ పులికి పళ్లు మొలిచాయా?”

“ఆ గొడవ మనకెందుకు మరదలా? షావుకారు కొంటాడా లేదా, అదొక్కటే మనకు కావాలి. రేపటికి ఆకు అడ్డెడు దాటుతుంది. నా ఆకుల్లో ఒకటి నీకు మానెడుకే ఇస్తాను. మరదలివని ఇస్తున్నా.”

“పదింతలు వచ్చేదాన్ని నువ్వెందుకు అమ్ముతున్నావు బావా?”

“నా మనసే అలాంటిది,” అన్నాడు నక్క బావ, కళ్లు తుడుచుకుంటూ.

చిన్నమ్మి ఇంటికి వెళ్లి గింజల వైపు చూసింది, పిల్లల వైపు చూసింది. “ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది ఈ బేరం. చెట్టు మీంచే ఒక్కసారి పులి నోరు చూసి వస్తాను,” అని పైకే అనుకుంది.

తొర్ర పక్క కొమ్మ మీద వాలిన కాకి మావయ్య ఆ మాట విని నవ్వాడు. “వెర్రి అమ్మాయ్! పళ్లు మొలిచి ఉంటే చూడబోయినవాళ్లు తిరిగి రారు. అందుకే మేమెవరం వెళ్లలేదు.”

చిన్నమ్మి మాత్రం వెళ్లింది. పులి గుహ పైన ఒక ఎండుకొమ్మ ఉంది. దాని చివర కూర్చుని, పులి ఎప్పుడు ఆవలిస్తుందా అని చూసింది. పులి ఆవలించింది. పళ్లు కనిపిస్తాయేమోనని చిన్నమ్మి ముందుకు వంగింది. కొమ్మ ఫెళ్లున విరిగింది. చిన్నమ్మి సరాసరి పులి నోట్లో పడింది. నోరు మూసుకుంది.

అయ్యో నా పిల్లలు, అనుకుంది పాపం!

పులి నమిలింది. మళ్లీ నమిలింది. మూడోసారి నమిలి, నిట్టూర్చి, ఉమ్మేసింది.

చిన్నమ్మి తడిసి ముద్దయి నేల మీద పడి, కాళ్లు నాలుగూ ఉన్నాయో లేదో చూసుకుంది. ఉన్నాయి. తోక కూడా ఉంది.

పులి కన్నీళ్లు పెట్టుకుంది. “గంజి తప్ప ఏమీ ఎరగని నోరమ్మా ఇది! మూడు నెలలుగా ఆ నెమలి వచ్చి చేదు ముద్ద చిగుళ్లకు పూసి పోతున్నాడు. పళ్లు లోపల బయల్దేరాయి, దారిలో ఉన్నాయి అంటాడు. రేపు నేనే వచ్చి అడుగుతాను.”

తిరిగి వస్తుంటే రేవులో ఏనుగు షావుకారు స్నానం చేస్తూ కనిపించాడు. చిన్నమ్మి దండం పెట్టి, “అయ్యా, నెమలి ఇల్లు కొంటున్నారా?” అని సూటిగా అడిగింది.

“నాకెందుకమ్మా ఆ ఇల్లు! వీపు ఒకటే దురద పెట్టేది. ఆ గోడ గరుకుగా ఉందని గోక్కోవడానికి పోయేవాణ్ణి. నిన్న రాత్రి మీ గోదురుకప్ప వైద్యుడు ఏదో లేపనం ఇచ్చాడు. చూడు, ఎంత నున్నగా ఉందో!”

చిన్నమ్మి ఆయన వీపెక్కి చివరిదాకా నడిచి చూసింది. ఒక్క పొక్కైనా లేదు.

బండ దగ్గరకు వచ్చి జరిగిందంతా చెప్పింది. ఎవరు వింటారు?

“నువ్వు తిరిగొచ్చావంటేనే తెలుస్తోంది, నువ్వు వెళ్లలేదని!” అన్నాడు కాకి మావయ్య.

“పులి నోట్లో పడి తడిశానయ్యా!”

“వాగులో పడి ఉంటావు. దురద మందులో ఏముంది, గోక్కుంటే పోయేదానికి మందా?” అన్నాడు నక్క బావ. బండంతా ఘొల్లుమంది.

చిన్నమ్మి వెనుదిరిగింది. ఇంటికి వెళ్లి, మానెడు గింజల్లోంచి గిద్దెడు మాత్రం తీసి గోదురుకప్ప వైద్యుడికి ఇచ్చింది. అతనికి అంతవరకూ ఒక్క వాటాదారూ లేడు. సంతోషం పట్టలేక నాలుగు ఆకులిచ్చాడు.

“షావుకారు కొంటాడంటావా?” అని ఆశగా అడిగాడు.

“అది నాకు తెలీదు. దురద మాత్రం తగ్గింది,” అంది చిన్నమ్మి.

మర్నాడు పొద్దున నెమలి ఆకు కుంచెడు పలికింది. ధర అంత ఎగిరేసరికి, అమ్మజూసిన నక్క బావే తన ఆకులు దాచుకుని, కాకి మావయ్యతో కలిసి, ఉన్న గింజలన్నీ ఊడ్చి ఇంకో రెండు కొన్నాడు. సరిగ్గా అప్పుడే పొదలు కదిలాయి. పులి వచ్చి బండ మీదికెక్కి నోరు బార్లా తెరిచింది.

అందరూ కళ్లు మూసుకున్నారు. ఏమీ జరగలేదు. ఒక్కొక్కరే కళ్లు తెరిచి చూశారు. పసిపిల్లల నోరులా ఎర్రటి చిగుళ్లు. ఒక్క పన్ను లేదు.

“నా పళ్లేవిరా?” అంది పులి.

నెమలి జవాబు చెప్పడానికి లేడు. అప్పటికే ఏటి అవతల చిన్న చుక్కలా కనిపిస్తున్నాడు.

“లోపల ఉన్నాయేమో, ఇంకొంచెం తెరవండి,” అన్నాడు నక్క బావ. ఆశ అంత తొందరగా చావదు మరి!

ఇంతలో ఏనుగు షావుకారు వచ్చాడు. బండ మీది వారంతా ఊపిరి బిగపట్టారు. ఆయన వారిని దాటి, నెమలి ఇంటిని దాటి, బురదలో ఉన్న గోదురుకప్ప ఇంటి ముందు ఆగాడు. మందునీ, మూలికలనీ, ఆ బురదనీ కలిపి కొనేశాడు.

చిన్నమ్మి నాలుగు ఆకులకూ గింజలు వచ్చి తొర్ర నిండింది. ఆ సాయంత్రమే వాన మొదలైంది. పిల్లలు ముగ్గురూ కడుపునిండా తిని, అమ్మ తోక కప్పుకుని పడుకున్నారు. మూడు రోజుల వానకి తడిసి, ఆకలితో కాకి మావయ్య తొర్ర ముందు వాలాడు. చిన్నమ్మి దోసెడు గింజలు పెట్టింది.

“ఆ దురద మందు సంగతి నాకు ముందే తెలుసు,” అన్నాడు కాకి మావయ్య, నమిలేలోపే.

అందుకే పిల్లలూ, మందుకు విలువ కట్టాలంటే కొనేవాడి అడుగులు కాదు, కోలుకున్నవాడి ఒళ్లు చూడాలి.