చెక్క మీద పట్టని ‘దు’

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో కూడబలుక్కుని చదివేవాళ్ళు కొందరు ఉండేవారు గాని, రాయడం వచ్చినవాడు ఒక్కడే. అతను ఒక ముసలి ముళ్ళపంది. అందరూ అతన్ని ‘అయ్యవారు’ అని పిలిచేవారు.

అయ్యవారికి కలం వెతుక్కునే పని లేదు. వీపు మీంచి ఒక ముల్లు పీక్కునేవాడు. నేరేడుపండ్ల రసంలో ముంచేవాడు. బూరుగు చెక్కల మీద బోర్డులు రాసేవాడు. ఆయన అక్షరాలు గుండ్రంగా, గుమ్మడికాయల్లా ఉండేవి. చిక్కంతా అక్కడే వచ్చింది. చెక్కలన్నీ ఒకే కొలత. అక్షరాలేమో పెద్దవి. మాట పూర్తి కాకముందే చెక్క అయిపోయేది.

“కాస్త చిన్నగా రాయొచ్చు కదా అయ్యవారూ?” అని ఎవరైనా అడిగితే, “చిన్న అక్షరం పిరికివాడి అక్షరం,” అనేవాడు.

“పోనీ, మిగిలిన ముక్క కింద రాయండి.”

“మాటకి నడుం విరిచి కింద పడెయ్యమంటావా? నావల్ల కాదు.”

అంతే. ఇంక ఆ మాట మీద మాట లేదు.

ఒకసారి కొండముచ్చు వచ్చింది. దానికి శొంఠికాఫీ కొట్టు ఉంది. వచ్చిపోయేవాళ్ళు ఆకులు నమిలి గోడ మీద ఉమ్ముతున్నారు. “ఇక్కడ ఉమ్మరాదు అని ఒక బోర్డు రాసిపెట్టండి,” అని అడిగింది. అయ్యవారు రాశాడు. చివరికి వచ్చేసరికి చెక్క అయిపోయింది. ‘ఇక్కడ ఉమ్మరా’ అని బోర్డు తయారైంది.

మూడు రోజుల్లో గోడ ఎర్రబడిపోయింది. కొండముచ్చు అడవిపందిని పట్టుకుని నిలదీసింది.

“నన్నేం చెయ్యమంటావు బాబాయ్?” అంది అడవిపంది. “దారిన పోయేవాణ్ణి పిలిచి మరీ ఉమ్మరా అంటున్నావు. ఉమ్మకపోతే నువ్వు చిన్నబుచ్చుకుంటావేమోనని, నోట్లో ఏమీ లేకపోయినా ఇంత ఆకు నమిలి వచ్చాను.”

కొండముచ్చు అయ్యవారి దగ్గరికి పరుగెత్తింది. “అయ్యవారూ, నా ‘దు’ ఏదీ?”

“చెక్క అయిపోయింది. అయితే ఏం? బుద్ధి ఉన్నవాడు ‘దు’ తనే కలుపుకుని చదువుకుంటాడు.”

“బుద్ధే ఉంటే గోడ మీద ఎందుకు ఉమ్ముతారండీ?”

అయ్యవారు ముళ్ళు నిక్కబొడిచాడు. కొండముచ్చు రెండడుగులు వెనక్కి వేసి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

తరువాత కుందేలు వచ్చింది. తన బొరియ వాకిట్లో ‘లోపలికి రారాదు’ అని బోర్డు కావాలంది. ఏం జరిగిందో మీకు తెలిసిపోయింది కదూ? ‘లోపలికి రారా’ అని వచ్చింది.

నక్క ఆ బోర్డు రెండుసార్లు చదువుకుంది. “ఇంత ఆప్యాయంగా పిలిస్తే రాకుండా ఎలా ఉంటానురా తమ్ముడూ!” అంటూ తల లోపలికి దూర్చింది. కుందేలు వెనక దారిన బయటపడింది గాని, తోక మీది బొచ్చు నక్క నోట్లోనే ఉండిపోయింది.

“అది బోర్డా అయ్యవారూ, పెళ్ళిపిలుపా?” అంది కుందేలు రొప్పుతూ. “ఒక్క ‘దు’! అది పెట్టడానికి ఎంతసేపు పడుతుంది మీకు?”

“బతికే ఉన్నావు కదా. వెళ్ళి దుబ్బు గడ్డి తిను.”

కుందేలు గొణుక్కుంది. “ఈయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నేను నాలుగు కాళ్ళతో ఎదురుగా నిలబడినా నమ్మడు.”

అప్పుడు అక్కడ ఇసుకలో అక్షరాలు దిద్దుతూ ఒక ముసలి దుప్పి కూర్చుని ఉంది. అందరూ దుప్పక్క అంటారు. పిల్లల్ని పెంచి, వాళ్ళ పిల్లల్నీ పెంచి, ఇప్పుడు తీరిక దొరికి అయ్యవారి దగ్గర చదువు నేర్చుకుంటోంది. “ఇన్నేళ్ళూ బోర్డు ముందు నిలబడితే బండ ముందు నిలబడినట్టు ఉండేది. ఇప్పుడు ప్రతి చెక్కా నన్ను పలకరిస్తోంది,” అని అందరితో చెప్పుకునేది. దారిలో ఏ బోర్డు కనబడినా ఆగి, పైకి చదివితే గాని కదిలేది కాదు.

ఆమెకి కుందేలు మాట నచ్చలేదు. “అయ్యవారు తప్పు రాయరు,” అంది గట్టిగా. “నువ్వే ఏదో ఒకటి చెప్పి రాయించుకుని ఉంటావు.”

అయ్యవారికి ఆ మాట తేనెలా ఉంది.

ఎండాకాలం వచ్చింది. వాగు ఎండిపోయింది. ఆ రోజుల్లో వైద్యం చేసే ఉడుము వచ్చింది. పుండ్లు కడగడానికి అది ఒక విషపు ఆకు నానబెట్టి, ఆ కుండని గుమ్మం దగ్గర పెట్టుకుంటుంది.

“అయ్యవారూ, ‘ఈ నీళ్ళు తాగరాదు’ అని రాయాలి,” అంది ఉడుము. “ఇది గోడ సంగతి కాదు, తోక సంగతి కాదు. ప్రాణం సంగతి. మీకు దండం పెడతాను, చివరి అక్షరం మాత్రం వదలకండి.”

అయ్యవారు ముల్లు పట్టుకుని చెక్క వైపు చూశాడు. అక్షరాలు కాస్త చిన్నవి చేస్తే అన్నీ పడతాయి. ఆ సంగతి ఆయనకి తెలుసు. చెయ్యి ఒక్క క్షణం ఆగింది కూడా. కాని ఇప్పుడు ‘దు’ రాస్తే కొండముచ్చు ఏమంటుంది? కుందేలు ఏమంటుంది? “చూశారా, మేం చెప్పలేదూ?” అని అడవంతా నవ్వదూ?

ఎప్పటిలాగే రాశాడు. ‘ఈ నీళ్ళు తాగరా’ దగ్గర చెక్క అయిపోయింది.

“మళ్ళీనా?” అంది ఉడుము.

“ఆ కంపుకి ఎవడు తాగుతాడయ్యా? తీసుకెళ్ళు.”

ఎవరైనా వస్తే నోటితో చెప్పుకుందాంలే అనుకుని, ఉడుము ఆ బోర్డు కుండ మీద తగిలించుకుంది. మర్నాడు మధ్యాహ్నం వేర్లు తవ్వుకోవడానికి పక్క గుట్టకి వెళ్ళింది.

సరిగ్గా అప్పుడే దుప్పక్క అటు వచ్చింది. పొద్దుటి నుంచి నీటిచుక్క లేదు. నాలుక పిడచకట్టుకుపోయింది. కుండ కనబడింది. బోర్డు కనబడింది. ఆగింది.

“ఈ... నీళ్ళు... తాగ... రా,” అని చదివింది. నవ్వుకుంది. “ఎప్పుడూ ‘దుప్పక్కా’ అనే అయ్యవారు ఇవాళ ‘రా’ అంటున్నారేమిటి! పోనీలే, దాహంతో వచ్చేవాళ్ళ కోసం ప్రేమగా రాశారు.”

మూతి పెట్టింది. చేదుగా ఉంది. “వైద్యుడి నీళ్ళు తియ్యగా ఉంటాయా?” అనుకుని ఇంకో రెండు గుక్కలు తాగింది.

ఉడుము తిరిగి వచ్చేసరికి ఆమె నేల మీద పడి ఉంది. దానికి తెలిసిన మందులన్నీ వేసింది. మూడు రోజులకి ప్రాణం నిలబడింది. కాని కళ్ళు పోయాయి.

అయ్యవారు సంగతి తెలిసి పరుగున వచ్చాడు. వచ్చీ రావడంతోనే, “వాసన తెలియలేదా దుప్పక్కా? ఎందుకు తాగావు?” అన్నాడు. ఆ మాట ఎందుకు అన్నానా అని తరువాత ఎన్నో రోజులు ఏడ్చాడు.

“తెలిసిందండీ,” అంది దుప్పక్క. “కాని రాసింది మీరు కదా.”

“అక్కడ... అక్కడ ‘దు’ ఉండాలి. కలుపుకుని చదవాలి.”

“నేనెలా కలుపుతాను అయ్యవారూ? ఉన్నది ఉన్నట్టు చదవాలి, సొంతంగా ఒక్క అక్షరం చేర్చకూడదని మొదటి రోజే మీరు చెప్పారు కదా.”

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే అయ్యవారికి కాస్త ఊపిరాడేదేమో.

ఆయన బయటికి వచ్చాడు. ముల్లు పీకి, రసంలో ముంచి, చెక్క అంచున చిన్న ‘దు’ పెట్టాడు. పట్టింది. ఒక్క రెప్పపాటు పని. ఆ బోర్డు కిందే పొద్దు వాలేదాకా కూర్చున్నాడు. కొండముచ్చు వచ్చింది, కుందేలు వచ్చింది. “మేం చెప్పలేదూ?” అని ఒక్కరూ అనలేదు. తల వంచుకుని పక్కన కూర్చున్నారు.

ఆ తరువాత అయ్యవారు అన్ని బోర్డులూ దిద్దాడు. ఎవరు తప్పు చూపినా, “ఎక్కడ బాబూ?” అని అడిగి మరీ తుడిచి రాశాడు. రోజూ పొద్దున్నే దుప్పక్కని నీళ్ళ మడుగు దాకా తనే నడిపించుకుని వెళ్ళేవాడు. దారిలో బోర్డులు వచ్చేవి. ఆమె అడిగితే చదివి వినిపించాలని, ప్రతి బోర్డు దగ్గరా ఆయన కాస్త నెమ్మదించేవాడు.

ఆమె ఒక్కరోజు కూడా అడగలేదు. ఆగకుండా నడిచి వెళ్ళిపోయేది.

నీతి: తప్పు చూపినవాడి మీద కోపం తెచ్చుకుని దాన్ని దిద్దకుండా వదిలేస్తే, ఆ తప్పు ముందుగా మనల్ని నమ్మినవాళ్ళకే తగులుతుంది.