గంటపూల తోటలో నక్క నెమరు

మధ్యాహ్నం దాటింది. మబ్బు పట్టింది గానీ వాన లేదు. గాలి కూడా లేదు.

నేను మేకను. నల్లక్క అంటారు. నాకు ముగ్గురు పిల్లలు: దూకుడు, తెల్లచెవి, బొట్టు. బొట్టు అందరికన్నా చిన్నది, నుదుట తెల్లమచ్చ. ఆ పూట వాళ్లతో గొర్రెపిల్ల ఉన్నిగాడు కూడా ఉన్నాడు. వాడి తల్లి నన్ను నమ్మి వదిలి వెళ్లింది. నాకు కాస్త కునుకు పట్టింది. లేచి చూస్తే నలుగురూ లేరు.

మా కొండ మీద పాత బంగళా ఒకటుంది. అక్కడి అమ్మగారికి పూల పిచ్చి. ఎక్కడినుంచో విత్తనాలు తెప్పించింది. ఫాక్స్‌గ్లోవ్ అని వాటి పేరట. మాకు మాత్రం గంటపూలు. తోటమాలి కోనయ్య నీడ చూసి మడి కట్టాడు, కుళ్లిన ఆకుల ఎరువు వేశాడు, చుట్టూ ముళ్లకంచె నాటాడు. మొదటి ఏడు ఒట్టి ఆకులే. "ఇంత చాకిరీ ఈ ఆకుకూర కోసమా కోనయ్యా?" అని అమ్మగారు మూతి ముడిచింది. రెండో ఏడు కాడలు లేచాయి, మనిషెత్తున. కాడ పొడుగునా ఊదారంగు గంటలు. గంట లోపల చుక్కలు. తుమ్మెద లోపలికి దూరి, వెనక్కి నడిచి బయటికొచ్చేది.

అందం అందమే. నేనొకసారి కంచె సందులోంచి ఆకు కొరికాను. చేదు! ఉమ్మేశాను. పిల్లలతో "అది మన మేత కాదు" అన్నాను. ఆ ఒక్క మాట చాలనుకున్నాను.

పూలు రాలాక కోనయ్య ఆ కాడలూ ఆకులూ కోసి, తగలబెట్టడానికి కంచె లోపలే కుప్ప పోశాడు. కుప్ప బాగా ఎండింది. కొండ మీద గడ్డి అంతకన్నా ఎండింది. పిల్లలు ఆకలి మీద ఉన్నారు. ఆకలి రుచి ఎరుగదు.

కంచె పక్కన పుల్లన్న పడుకుని ఉన్నాడు. బంగళా బండి లాగే ముసలి ఎద్దు. నెమరు వేస్తున్నాడు.

"తాతా, నా పిల్లలు కనిపించారా?"

పుల్లన్న నమిలాడు. నోట్లో నెమరు ఉండగా మాట్లాడడు. చిన్నప్పటినుంచీ అదే అలవాటు.

"తాతా!"

ఇంకా నమిలాడు. మింగాడు. అప్పుడన్నాడు. "చూశాను. నక్క ముందు, పిల్లలు వెనక. కంచె కింద కన్నంలోంచి లోపలికి పోయారు."

"నక్కా! నువ్వు ఆపలేదా?"

"మింగేలోపు దూరిపోయారు తల్లీ. ఇంకో మాట. ఆ ఆకు కోసేటప్పుడు కోనయ్య చేతులకు గుడ్డలు చుట్టుకున్నాడు. 'అమ్మగారూ, దూడను ఇటు రానివ్వకండి. ఎండితే చేదు పోతుంది గానీ విషం పోదు, గుండె పట్టేస్తుంది' అన్నాడు. అప్పుడు నక్క ఆ పొద వెనకే ఉంది."

కన్నం వైపు పరుగెత్తాను.

కన్నం నక్క కొలతకు తవ్విన కన్నం. పిల్లలు పడతారు. నేను పట్టను. తల దూర్చాను. కొమ్ములు వేరుకు తగులుకున్నాయి. తల లోపల, ఒళ్లు బయట. ఇక నాకున్నది నోరొక్కటే.

లోపల పిల్లలు కుప్ప ముందు వరసగా నిలబడ్డారు. నక్క మధ్యలో కూర్చుంది. బొట్టు దాని మూతికి బెత్తెడు దూరంలో ఉంది. బొట్టు పెదవికి ఎండుటాకు ఒకటి అంటుకుని ఉంది.

"తినండి నాయనా, తినండి" అంటోంది నక్క. "మీ మొహాలు చూస్తే కడుపు తరుక్కుపోతోంది. డొక్కలు చూడు, వెదురు తడికల్లా ఉన్నాయి."

"అమ్మ ఇది మేత కాదంది" అంది తెల్లచెవి.

"పచ్చిది మేత కాదు. ఎండింది చూడు, కమ్మగా ఉంటుంది. నాకి చూడు."

దూకుడు నాకాడు. "అవునే! చేదు లేదు!"

"ఉన్నిగా, నువ్వు?" అంది నక్క.

"ముందు వాళ్లు తింటే నేనూ తింటాను" అన్నాడు ఉన్నిగాడు. గొర్రె బుద్ధి ఎక్కడికి పోతుంది!

నేను అరిచి ఉండేదాన్ని. అరిస్తే నక్క బొట్టు మెడ పట్టుకునేది. నక్క ముసలిది, పరుగు లేదు. అందుకే విషం చేత పడగొట్టించాలని చూస్తోంది. కానీ బెత్తెడు దూరానికి పరుగు అక్కర్లేదు కదా.

మెల్లగా అన్నాను. "నక్క బావా, నమస్కారం."

నక్క ఉలిక్కిపడింది. నా తల చూసింది, నా కొమ్ములు చూసింది, నవ్వింది. "వదినా! రా రా. ఓహో, రాలేవు కదూ. ఫర్వాలేదు, పిల్లలకు నేను పెట్టనూ?"

"పెట్టు బావా. అంతకన్నానా. మా ఇంట మగదిక్కు లేదు. ఆనవాయితీ ఒక్కటి కానిచ్చి పెట్టు."

"ఏం ఆనవాయితీ?"

"చెప్పరా దూకుడూ."

దూకుడు గొంతు సవరించుకున్నాడు. "కొత్త మేత దొరికితే ముందు పెద్దవాళ్లు తినాలి. పడుకోవాలి. నెమరు వేయాలి. నెమరు బాగా వస్తేనే మేం ముట్టాలి."

"అదా! మీ అమ్మ తింటుందిలే."

"అమ్మ బయట ఉంది కదా!" అంది బొట్టు. "ఇక్కడ పెద్దదిక్కు నువ్వే కదా మామా! నువ్వు తిను."

నా కూతురు. పెదవికి ఆకు అంటుకునే ఉంది.

నక్క చెవులు వెనక్కి వాలాయి. "నేను... ఉపవాసం ఉన్నాను."

"మాకూ ఆకలి లేదులే" అని తెల్లచెవి వెనక్కి తిరిగింది. తెల్లచెవిని చూసి ఉన్నిగాడూ తిరిగాడు.

"ఆగండాగండి! నక్క మాట ఇచ్చిందంటే ఇచ్చినట్టే" అని నక్క ఆకు ఒకటి నోట్లో పెట్టుకుంది. దవడలో దాచింది. "అయింది. తిన్నాను."

"మింగావా బావా?"

"మింగాను."

"మరి దవడ ఉబ్బిందే?"

"పన్ను నొప్పి వదినా!" అని వెంటనే గబగబా దవడలు ఆడించడం మొదలుపెట్టింది. "ఇదిగో నెమరు! చూశారా? వస్తోంది, వస్తోంది."

పిల్లలు పక్కున నవ్వారు.

"మామా, కూర్చుని నెమరా?" అన్నాడు దూకుడు. "అంత తొందరగా ఎలా వస్తుంది? మింగింది పొట్టలోకి దిగొద్దూ?"

అప్పుడే తెలిసింది వాళ్లకు. నక్క అబద్ధమాడుతోందని మేకపిల్లకు వేరే చెప్పక్కర్లేదు. దూకుడు నా వైపు చూశాడు. నేను కుడి చెవి వాల్చాను. ఇంటికి రమ్మనడానికి మా గుర్తు అది.

"పిల్లలు నవ్వుతున్నారు బావా" అన్నాను. "నేను నేర్పుతాను. పడుకో. ముందుకాళ్లు మడుచు. కళ్లు మూసుకో, పూర్తిగా. మా పుల్లన్న తాత అలాగే చేస్తాడు. మెల్లగా నములు. కళ్లు తెరిస్తే నెమరు వెనక్కి పోతుంది."

నక్క పడుకుంది. కళ్లు మూసింది. మూయక ఏం చేస్తుంది? నలుగురి మాంసం ముందు ఒక్క ఆకు ఎంత! నమిలింది. నమిలేకొద్దీ ఆకు తడిసింది. తడి ఆకులో చేదు మళ్లీ మేలుకుంది. ఉమ్మితే పరువు పోతుంది. గుటక వేసింది.

నేను మెడ మెలిపెట్టి తల బయటికి లాగాను. ఒక కొమ్ము చివర విరిగింది. విరగనీ.

తెల్లచెవి వచ్చింది. ఎండుటాకుల మీద కాలు పడి గరగర మంది.

"ఏంటా చప్పుడు?" అంది నక్క, కళ్లు మూసుకునే.

పుల్లన్న లేచాడు. మెడ విదిలించాడు. మెడలో గంట గణగణ మోగింది.

"తాత ఈగలు తోలుకుంటున్నాడు బావా" అన్నాను బయటినుంచి. "నువ్వు నములు. బాగా వస్తోంది."

తాత ఈగలు తోలుకుంటూనే ఉన్నాడు. దూకుడు వచ్చాడు. ఉన్నిగాడు రాలేదు. ముందు నడిచేవాళ్లు లేకపోతే వాడు కదలడు. బొట్టు వాడి చెవి పళ్లతో పట్టుకుంది. పట్టుకోవడంలో పెదవి మీది ఆకు రాలింది. వాణ్ణి ఈడ్చుకుంటూ కన్నంలోంచి బయటికొచ్చింది.

లోపలినుంచి గొంతు వినిపించింది. "వదినా... నెమరు చాలా? నాకు కడుపులో తిప్పుతోంది. ఇక తినమను వాళ్లను."

"ఎవరిని బావా?"

కళ్లు తెరిచింది. కుప్ప ఉంది. పిల్లలు లేరు. ఒక్క ఉదుటున లేచి తూలింది. "ఇదేంటి, లోకమంతా పచ్చగా కనిపిస్తోంది! పసుపు పూసినట్టుంది!" అని కన్నం వైపు పరుగెత్తింది.

అప్పటికే పుల్లన్న ఆ కన్నం మీద పడుకున్నాడు. తీరుబడిగా, ముందుకాళ్లు మడుచుకుని.

"తాతా, లే! నేను బయటికి రావాలి!"

పుల్లన్న నెమరు వేస్తున్నాడు. నోట్లో నెమరు ఉండగా ఆయన మాట్లాడడని చెప్పాను కదా.

కోనయ్య గేటు తీసేదాకా నక్క ఆ మడిలోనే వాంతులు చేసుకుంది. చావలేదు. గంటపూలు కనిపిస్తే మాత్రం ఇప్పటికీ కొండ చుట్టి పోతుంది.

దొడ్డి ముందు దూకుడు అడిగాడు. "అమ్మా, నువ్వు తిట్టవా?"

"తిట్టను. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. తినమని పిలిచినవాడు ముందు తాను తినాలి."

తడిక దగ్గర నిలబడ్డాను. దూకుడు. తెల్లచెవి. ఉన్నిగాడు, వాడి తల్లి ఒడిలోకి. బొట్టు... బొట్టు ఏది? నా పొట్ట కిందే ఉంది, పాలు తాగుతోంది.

నలుగురు. మళ్లీ లెక్కపెట్టాను. నలుగురే.