మొదటి గ్లాసు

సోమలింగం మాస్టారికి ఒక అలవాటు ఉండేది. పొద్దున్నే ఏడున్నరకి, పనివాళ్ళు జీపులెక్కబోయే ముందు, యార్డులో టీ క్యాను పక్కన నిలబడి, "నిన్న పొరపడింది ఎవర్రా?" అని అడిగేవారు. ఎవరో ఒకరు చెయ్యెత్తి తన పొరపాటేమిటో అందరి ముందూ చెప్పాలి. చెప్పినవాడికి మొదటి గ్లాసు టీ. ఎవరూ చెప్పకపోతే ఎవరో ఒకరు చెప్పేదాకా క్యాను మూత తెరుచుకోదు. టీ కోసం లేని తప్పులు ఒప్పుకున్న మహానుభావుల్ని కూడా నేను చూశాను.

మాది గొట్టాల ద్వారా ఇళ్ళకి వంటగ్యాసు అందించే కంపెనీ. ఊరు గోదావరి గట్టున. మాస్టారు ఉద్యోగమంతా ఆ గొట్టాలతోనే కాపరం చేసి రిటైరయ్యారు. కొత్తవాళ్ళకి పని నేర్పడానికి కంపెనీవాళ్ళే మళ్ళీ పిలిచి కూర్చోబెట్టారు. ఆయన దగ్గర పని నేర్చుకుని, ఆ మధ్యే మా యార్డుకి ఇన్‌చార్జిగా వచ్చిన ఇంజనీరు సుహాసిని. చురుకైన పిల్ల. ఆవిడకి మాస్టారంటే గౌరవమే కానీ ఈ టీ తంతు మాత్రం మింగుడుపడేది కాదు. నేను ఆఫీసులో టైపు చేసే గుమాస్తాని. ఆవిడ ముఖం చూసి ఆ సంగతి నాకు తెలుస్తూనే ఉండేది.

ఒకరోజు మా ఫిట్టరు నూకరాజు ఒక కాలనీలో మీటర్లు చూడ్డానికి వెళ్ళాడు. అపార్టుమెంటు మెట్లెక్కుతుంటే గుప్పున వాసన కొట్టింది. గ్యాసుకి సొంత వాసన ఉండదు. కారితే తెలియాలని కుళ్ళు కంపులాంటి మందొకటి అందులో కలుపుతారు. నూకరాజుకి తగిలింది ఆ కంపే. గ్యాసును పసిగట్టే పరికరం జీపులో ఉంది, జీపు పక్క వీధిలో ఉంది. అతను దానికోసం ఆగలేదు. పరుగున వెళ్ళి కాలనీ మొత్తానికి ఉన్న వాల్వు కట్టేశాడు. మూడొందల నలభై ఇళ్ళలో పొయ్యిలు ఆరిపోయాయి.

తీరా వెతికితే, మెట్ల కింద ఎవరో చవగ్గా కొని మరిచిపోయిన ఉల్లిపాయల బస్తా. కుళ్ళి నీరు కారుతోంది.

ఒకసారి ఆపిన గ్యాసుని మళ్ళీ ఊరికే వదలకూడదు. ఏ ఇంట్లోనైనా పొయ్యి మీట తెరిచే ఉంటే గ్యాసు గదంతా నిండిపోతుంది. అందుకని ఇంటింటికీ వెళ్ళి, తలుపు కొట్టి, పొయ్యి చూసి మరీ వదలాలి. ఆ పనితో సాయంత్రమైంది. ఈలోగా రెండో అంతస్తులో పెళ్ళిచూపులు. పిల్లవాడి తరఫువాళ్ళు సగం వేగిన బజ్జీలు తిని లేచారట. కాలనీ ప్రెసిడెంటు హెడ్డాఫీసుకి ఫోన్ చేసి నానా మాటలూ అన్నాడు. పై అధికారి సుహాసినికి ఫోన్ చేసి, "రేపు మధ్యాహ్నంలోగా ఆ ఫిట్టరుకి మెమో ఇచ్చి నాకు కాపీ పంపు" అన్నాడు.

నూకరాజు ఎనిమిదేళ్ళుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాడు. పర్మనెంటు చేసేవాళ్ళ జాబితాలో ఆ ఏడే అతని పేరు ఎక్కింది. మెమో పడితే ఆ పేరు కొట్టేస్తారు. అది సుహాసినికీ తెలుసు. ఆ సాయంత్రమే మెమో తన చేత్తోనే రాసి, టైపు చెయ్యమని నాకిచ్చే ముందు మాస్టారి దగ్గరికి తీసుకెళ్ళింది.

"మాస్టారూ, జాగ్రత్తకీ కంగారుకీ తేడా ఉండాలి కదండీ? పొరపాటున ఆపినవాడికల్లా టీ ఇస్తూ పోతే రోజుకో వీధి ఆపుతారు. అప్పుడిక మనం గ్యాసు ఇచ్చేదెప్పుడండీ?"

మాస్టారు మెమో అంతా చదివి తిరిగి ఇచ్చేశారు. "బాగా రాశావమ్మా. ఎక్కడా తప్పు లేదు. కనకయ్య దగ్గర నాదొకటి ఉంటుంది, అడిగి తీసుకుని రెండూ పక్కపక్కన పెట్టి చూడు" అన్నారు.

కనకయ్య మా స్టోర్‌కీపరు. కొంచెం కుంటుతూ నడుస్తాడు. రోజూ టీ కాచేదీ అతనే. స్టోరులో పనుందని వంక పెట్టుకుని నేనూ సుహాసిని వెనకే వెళ్ళాను. కనకయ్య రేకు పెట్టెలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని పాత కాగితం ఆవిడ చేతికిచ్చాడు. అదీ మెమోనే. 'నిర్ధారించుకోకుండా సరఫరా నిలిపివేసినందుకు సంజాయిషీ చెప్పవలసినది.' సుహాసిని చేతిలో ఉన్న కాగితంలోనూ అదే వాక్యం. కింద చేవ్రాలు మాస్టారిది.

"అప్పట్లో మీ కుర్చీలో ఆయన కూర్చునేవారండి" అన్నాడు కనకయ్య. "నేనూ నూకరాజులాగే ఒక వీధి ఆపేశానండి. తీరా చూస్తే చచ్చిన ఎలక. మెమో ఇచ్చారు. తర్వాత నాలుగు నెలలకి బజారు మలుపులో వాల్వు గొయ్యి మూత తీస్తే మళ్ళీ అదే వాసనండి. ఈసారి ఆపలేదు."

"మరేం చేశావు?"

"నిర్ధారించుకోమన్నారు కదండీ. కారేచోట బుడగ లేస్తుందని సబ్బునీళ్ళ డబ్బా పట్టుకుని గోతిలోకి దిగాను."

గోతిలో గ్యాసు నిండి గాలాడటం లేదు. రెండో మెట్టు మీదే కళ్ళు తిరిగి పడిపోయాడు. తోటివాళ్ళు లోపలికి దిగకుండా నడుముకి కట్టిన తాడుతోనే పైకి లాగారు. ప్రాణం దక్కింది కానీ విరిగిన కాలు వంకరగా అతుక్కుంది. కనకయ్య ఇదంతా ఎవరి మీదా కోపం లేకుండా చెప్పాడు.

"మర్నాడు మాస్టారు ఆస్పత్రికి ఫ్లాస్కు పట్టుకుని వచ్చారండి. గ్లాసులో టీ పోసి నా చేతికిచ్చి, అలా నిలబడిపోయారు. అదేనండి మొదటి గ్లాసు."

సుహాసిని పాత కాగితం కనకయ్యకి తిరిగి ఇచ్చేసింది. తర్వాత నా టేబులు దగ్గరికి వచ్చి, మెమో నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేసింది. ఫిట్టరు చేసింది సరైన పనేననీ, కాలనీవాళ్ళకి క్షమాపణ తానే వెళ్ళి చెప్పుకుంటాననీ పై అధికారికి ఉత్తరం రాసింది. నేనంత సంతోషంగా టైపు చేసిన కాగితం ఇంకొకటి లేదు. పై అధికారి రెండు వారాలు ఆవిడతో ముభావంగా ఉన్నాడన్నది నిజమే. జాబితాలో నూకరాజు పేరు ఉన్నచోటే ఉందన్నదీ నిజమే.

ఆ ఉత్తరం రాసిన మర్నాడు పొద్దున మాస్టారు క్యాను దగ్గర నిలబడలేదు. వెళ్ళి బల్ల మీద కూర్చున్నారు. సుహాసినే అడిగింది, "నిన్న పొరపడింది ఎవరండీ?" అని.

నూకరాజు చెయ్యి సగమే లేచింది. "నేనేనండి. ఉల్లిపాయలండి."

అందరూ ఫక్కున నవ్వారు. సుహాసిని కూడా నవ్వి, మొదటి గ్లాసు తన చేత్తో పోసి అతనికిచ్చింది. "రేపు ఇంకో చోట అదే వాసనొస్తే ఏం చేస్తారు నూకరాజు గారూ?" అని అడిగింది.

"కట్టేత్తానండి" అన్నాడు. గ్లాసు పట్టుకున్నవాడికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి, దాచుకోవడమెందుకు.

నవ్వులు సద్దుమణిగాక వెనక వరసలోంచి ఇంకో చెయ్యి లేచింది. ఏసుబాబుది. పదిహేనేళ్ళ అనుభవం ఉన్న మనిషి, అంతవరకూ ఎన్నడూ చెయ్యెత్తినవాడు కాదు.

"నేను పొరపడ్డానో లేదో తెలీదండి. గురువారం అంగన్‌వాడీ సందులో గొట్టం అతుకు మీద సబ్బునీళ్ళు పోత్తే ఒక్క బుడగ లేచిందండి. మళ్ళీ పోత్తే లేవలేదు. నా కళ్ళేలే అనుకున్నాను. నిన్న నూకరాజు మీద అంత గొడవయ్యాక, ఇంక నోరిప్పకూడదనుకున్నానండి."

ఎవరూ టీ తాగలేదు. జీపు వెళ్ళింది. ముందు ఆ సందు వాల్వు కట్టి, తర్వాత పరికరం పెట్టి చూశారు. అంగన్‌వాడీ వంటగది గోడ వారన అతుకు సన్నగా చీలి ఉంది. పది గంటలకి పిల్లలు వచ్చేసరికి కొత్త అతుకు వేయడం, ఇళ్ళన్నీ చూసి గ్యాసు వదలడం అయిపోయింది. పిల్లలకి ఉప్మా ఒక అరగంట ఆలస్యమైంది, అంతే.

వాళ్ళు తిరిగొచ్చేసరికి టీ చల్లారిపోయింది. కనకయ్య మళ్ళీ వేడిచేశాడు. సుహాసిని మట్టి కొట్టుకున్న బూట్లతోనే వచ్చి బల్ల మీద మాస్టారి పక్కన కూర్చుంది.

"రోజుకో వీధి ఆపితే గ్యాసు ఇచ్చేదెప్పుడని నిన్న నేనడిగినదానికి మీరింకా జవాబు చెప్పలేదండీ" అంది.

మాస్టారు టీ ఊదుకుని ఒక గుక్క తాగారు.

"ఆ ఉల్లిపాయలు కొన్నదెవరో కనుక్కో అమ్మా. వాళ్ళకీ ఒక గ్లాసు పంపించాలి" అన్నారు.