చెట్టు లేని చోట ఉచ్చు

అనగనగా ఒక బీడు ఉండేది. కథలన్నీ అడవిలో మొదలవుతాయి కదా, ఇదేంటి బీడులో మొదలైంది అంటారా? ఇదీ ఒకప్పుడు అడవే పిల్లలూ. తునికి చెట్లు, పరికి కంప, మధ్యలో నీళ్లు పారే సన్నటి వంక. ఒక్కో చెట్టూ ఒక్కో పనికి పోయింది. కొన్ని బొగ్గుల బట్టీకి, కొన్ని పొయ్యిలోకి, కొన్ని ఊరికే, అడ్డంగా ఉన్నాయని. చివరికి మిగిలింది ఎర్రమట్టి, గులకరాళ్లు, ఎండిన గడ్డి. నడుమ నిలబడి చూస్తే ఆకాశం నాలుగు పక్కలా వచ్చి నేలకు ఆనేది.

ఆ బీడులో ఒక నక్కల గుంపు ఉండేది. గుంపుకు పెద్ద బూదవ్వ. ఒళ్లంతా బూడిద రంగు, ఒక చెవి చీలిక. అడవిని కళ్లారా చూసిన నక్క ఆ గుంపులో ఆమె ఒక్కతే.

రోజూ పొద్దు వాలగానే బూదవ్వ మిట్ట మీద కూర్చునేది. మేతకు పోయే ముందు గుంపంతా ఆమె చుట్టూ చేరాలి. అది వాళ్ల ఆచారం. పిల్లలు ముందు, పెద్దలు వెనక.

"మా రోజుల్లో తునికి పండు రాలితే చప్పుడు వినపడేదిరా," అని మొదలుపెట్టేది బూదవ్వ. "టప్పుమని. అంత నిశ్శబ్దం. అంత పండు. మేము చెట్టు కింద పడుకుంటే నోట్లోనే రాలేది."

"నోట్లోనేనా అవ్వా?" అనేవి పిల్లలు. రోజూ అడిగే మాటే. రోజూ కొత్తగానే అడిగేవి.

"ముక్కు మీద కూడా రాలేది. వాన వెలిసినాక వంకలో ఎండ్రకాయలు పైకొచ్చేవి. మా అమ్మ ఒకటి పట్టి, డొప్ప విరిచి, నాకూ మా తమ్ముడికీ చెరిసగం పెట్టేది. ఆకుల కింద తడి వాసన... ఆ వాసన ఇప్పుడెక్కడ!"

అప్పుడు గుంపంతా గాలి పీల్చి చూసేది. ఎర్రదుమ్ము తప్ప ఏమీ తగిలేది కాదు. అయినా వాళ్లకు హాయిగా ఉండేది. చూడని అడవి మీద కూడా బెంగ పుడుతుంది పిల్లలూ. అవ్వ చెప్పే తీరులో ఉంటుంది ఆ మహిమ.

కథ చివర్లో బూదవ్వ గొంతు మారేది. "ఒకనాడు మా తమ్ముడు ఉచ్చులో చిక్కాడు. వేటగాడు తునికి మొక్కకు కట్టి పోయాడు. మా అమ్మ ఆ మొక్కను మొదలంటా కొరికి వాణ్ని విడిపించింది. అందుకే చెబుతున్నా, ఏమని?"

గుంపంతా ఒక్క గొంతుతో అనేది: "చెట్టు కింద ఉచ్చు, బయలు మీద బతుకు!"

ఆ మాట అనుకుని, ధైర్యంగా, బీడు నడిమధ్యన నడుచుకుంటూ మేతకు పోయేవి.

బీడు అంచున తిప్పేస్వామి అనే రైతు పుచ్చతోట వేశాడు. నక్కలకు పుచ్చకాయంటే ప్రాణం. ఒక కాయ తిని ఊరుకుంటే తిప్పేస్వామీ ఊరుకునేవాడేమో. నక్కలు అలా తినవు. ఒకదాన్ని కొరికి, తీపి లేదని వదిలి, ఇంకోదాన్ని కొరుకుతాయి. తెల్లారేసరికి తోటంతా చిల్లులు.

తిప్పేస్వామి పాత బండి క్లచ్ వైరు తెచ్చి ఉచ్చు చేశాడు. దాన్ని చేత్తో పట్టుకుని బీడంతా తిరిగాడు. వెంట అతని భార్య సుంకమ్మ.

"దేనికి కడతావు?" అంది సుంకమ్మ. "ఉన్న చెట్లన్నీ మీ నాయనా నువ్వూ కలిసి బట్టీకి తోలితిరి. ఇప్పుడు ఉచ్చు కట్టడానికి ఒక్క మొద్దన్నా లేదు."

"నీ నోటికి కడతా."

"కట్టు. నక్కలు మాత్రం పడవు."

తిప్పేస్వామి నేల వైపు చూశాడు. "చెట్టు లేకపోతే ఏం? నేల లేదా?" అన్నాడు.

గడ్డపార తెచ్చి మోచేతి లోతు గుంత తవ్వాడు. పొడుగాటి రాయికి వైరు కొస చుట్టి గుంతలో పెట్టాడు. మట్టి కప్పి, మడమతో తొక్కి తొక్కి గట్టి చేశాడు. ఉచ్చు ముడిని నక్కలు తోట నుంచి తిరిగొచ్చే దారి మీద పరిచి, పైన ఎండుగడ్డి చల్లాడు. గుంత తోట వైపు, ముడి బీడు వైపు. ఎంత గుంజినా రాయి కదలదు.

ఇదంతా ఒక తీతువు పిట్ట చూసింది. తీతువు గూడు కట్టదు. బయలు నేల మీదే గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. అందుకే దానికి ఆ నేల మీద ప్రతి రాయీ తెలుసు.

ఆ రోజే అటు వచ్చిన రేగితో ఆ మాట చెప్పింది. రేగి బూదవ్వ కూతురి కూతురు. పడుచు నక్క. నోరు ఆగదు.

"ఆ మనిషి రాయిని పాతిపెట్టి పోయాడు," అంది తీతువు. "విత్తనం పెట్టాడా అనుకున్నా. రాయి మొలుస్తుందా ఎక్కడన్నా?"

రేగి పోయి వాసన చూసింది. పచ్చిమట్టి. ఇనుము. మనిషి కాలు. వెనక్కి పరుగెత్తి వచ్చి, ఆ సాయంత్రం కథ మధ్యలోనే అడిగింది.

"అవ్వా, చెట్టు లేని చోట ఉచ్చు ఎందుకుండదు?"

బూదవ్వ నవ్వింది. "దేనికి కడతారే పిచ్చిదానా? గాలికా?"

రేగి రెండోసారి అడిగింది. "నేలకు కడితే?"

ఈసారి గండడు నవ్వాడు. గండడు బూదవ్వ కొడుకు, రేగికి మేనమామ, గుంపులోకెల్లా బలవంతుడు. "నేలకు కడతారంట! రేపు నీళ్లకు కూడా కడతారంటావు. ఏమే రేగీ, అవ్వ కంటే ముందు పుట్టావా?"

గుంపంతా గొల్లున నవ్వింది.

రేగి మూడోసారి నోరు తెరిచింది. "నేను వాసన చూసొచ్చా మామా. కావాలంటే మీరూ రండి, చూడండి. చూడ్డానికి భయమెందుకు?"

ఇప్పుడు ఎవరూ నవ్వలేదు. బూదవ్వ మొహం చిన్నబోయింది. "మా తమ్ముడి మెడకు బిగిసిన ఉచ్చును నేను చూశానే," అంది మెల్లగా. "నువ్వు నాకు నేర్పుతావా?"

రేగి నోరు మూసుకుంది. తప్పు తెలిసి కాదు. అవ్వ కళ్లలో తడి చూసి. గుంపంతా మళ్లీ ఆ మాటే గట్టిగా అనుకుని, బీడు నడిమధ్యన బయలుదేరింది.

తూరుపు ఎర్రబడే వేళ పుచ్చతోట నుంచి తిరిగొస్తున్నాయి. గండడు అందరికంటే ముందు, రేగి అందరికంటే వెనక. గండడి నడకే వేరు. తల ఎత్తి, తోక ఊపుతూ. ఉన్నట్టుండి ముందుకాలు వెనక్కి లాగినట్టయింది. బోర్లా పడ్డాడు. లేచి గుంజాడు. గుంజిన కొద్దీ వైరు కాల్లోకి దిగింది.

"ఉచ్చు!" అని అరిచింది రేగి.

"నోర్ముయ్," అంది ఒక ముసలి నక్క. "ఉచ్చయితే చెట్టేదీ?"

అందరూ చుట్టూ చూశారు. నిజమే. చెట్టు లేదు.

"ముల్లు గుచ్చుకుని ఉంటుంది," అంది ఒకటి.

"పాము చుట్టుకుంది," అంది ఇంకొకటి.

"గాలి సోకింది. అందుకే కనపడకుండా గుంజుతోంది," అంది మూడోది.

అన్నిటికంటే వింత ఏమిటో తెలుసా? చిక్కుకున్న గండడు కూడా అదే మాట అన్నాడు. "ఇది ఉచ్చు కాదులే... ఉచ్చయితే చెట్టుండాలి కదా... అబ్బా, అమ్మా!"

"మామా, తెగేది నీ కాలు!" అంది రేగి. "కాలు చెబుతున్నది వినవా? మాటకేమో సాక్షి కావాలి, నొప్పికి కూడా సాక్షి కావాలా?"

ఇలా వాదులాడుకుంటూనే పొద్దు పొడిచింది. బీడులో ఒక సౌకర్యం ఉంది, ఒక కష్టమూ ఉంది. వచ్చేవాడు చాలా దూరం నుంచే కనపడతాడు, వాడికి మనమూ అలాగే కనపడతాం. తోట గట్టు మీద చీమంత మనిషి కనిపించాడు. భుజాన దుడ్డుకర్ర. తిప్పేస్వామి! తీతువు పైకి లేచి గిరగిరా తిరుగుతూ అరిచింది. నక్కలు సగం చెల్లాచెదురయ్యాయి. గండడు ప్రాణభయంతో మనిషికి దూరంగా పోవాలని ఇంకా గుంజాడు. వైరు ఎముక దాకా పోయింది.

అందరూ బూదవ్వ వైపు చూశారు.

బూదవ్వ వంగి వైరును వాసన చూసింది. ఆ వాసన ఆమె మరిచిపోలేదు. తమ్ముడి మెడ దగ్గర పీల్చిన వాసనే అది. ఆమెకు తెలిసిపోయింది. కానీ తెలిసిందని చెబితే ఏమవుతుంది? ఇన్నేళ్లు మిట్ట మీద కూర్చుని చెప్పిన మాట తప్పయిపోతుంది. మనమరాలి ముందు, గుంపు ముందు. గాలి సోకిందని అంటే మాట నిలుస్తుంది. కొడుకు పోతాడు.

తోట వైపు ఆ మనిషి చీమంత నుంచి పిల్లంత అయ్యాడు.

బూదవ్వ తల ఎత్తింది. "ఇది ఉచ్చే," అంది. "నేను చెప్పింది తప్పు. చెట్టు లేకపోయినా ఉచ్చుంది. దాని పట్టు నేల లోపలుంది. రేగీ, ఎక్కడే ఆ పచ్చిమట్టి?"

"ఇక్కడ అవ్వా!"

"తవ్వండి! ఒరే గండా, నువ్వు గుంజకు. రాయి వైపు రా. వైరు వదులవ్వాలి."

"అటునుంచే మనిషి వస్తున్నాడే అమ్మా!"

"తెలుసురా. అటే రా. నేనూ అటే ఉన్నా కదా."

గండడు తిప్పేస్వామికి ఎదురుగా, ఒక్కొక్క అడుగే వేశాడు. వైరు కాస్త వదులైంది. బూదవ్వ, రేగి తవ్వడం మొదలుపెట్టారు. తొక్కి గట్టి చేసిన నేల. బూదవ్వ ముసలి గోళ్లు విరిగాయి. నెత్తురుతోనే తవ్వింది. అది చూసి పారిపోయిన నక్కలు సిగ్గుపడి ఒక్కొక్కటే వెనక్కి వచ్చాయి. మట్టి నాలుగు పక్కలా లేచింది. రాయి నెత్తి బయటపడింది. అంతా కలిసి ముట్టెలతో దాన్ని ఒక పక్కకు ఒరిగించారు. రేగి వైరు చుట్టను పళ్లతో పట్టి రాయి సన్నటి కొస మీదుగా లాగింది.

జారింది!

తిప్పేస్వామి విసిరిన కర్ర వచ్చి ఖాళీ గుంతలో పడింది. నక్కలు అప్పటికే దుమ్ములో కలిసిపోయాయి.

అతను గుంత దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. వెనకే సుంకమ్మ వచ్చి గుంతలోకి తొంగి చూసింది. "నువ్వు పాతితివి, అవి పెరికినాయి," అంది నవ్వు ఆపుకోలేక. "ఇంకా లోతుగా పాతుతావా? నక్కలతో పందెమా నీకు? తోట చుట్టూ కంచె వేయి."

"కంచెకు కంప ఎక్కడిది? ఆ చివరి కొండ దాకా పోవాల."

"పో. నరికినప్పుడు దూరం తెలియలేదా?"

తిప్పేస్వామి ఎడ్లు కట్టుకుని కొండ దాకా పోయి కంప తెచ్చాడు.

ఇక నక్కల సంగతి. ముడిని నమిలి నమిలి విప్పేసరికి గండడి కాలు నల్లబడింది. ప్రాణం దక్కింది గానీ పాదం దక్కలేదు. చిక్కిన వెంటనే తవ్వి ఉంటే అదీ దక్కేది. గుంపంతా చెట్టు ఏదీ అని వెతుక్కున్న ఆ కాసేపే పాదాన్ని తినేసింది.

ఆ సాయంత్రం పొద్దు వాలింది. బూదవ్వ మిట్ట ఎక్కలేదు. బొరియ ముందు పడుకుని గోళ్లు నాక్కుంటోంది. పిల్లలు వచ్చి చుట్టూ నిలబడ్డాయి.

"అవ్వా, తునికి పండు కథ చెప్పవా?"

"ఆ కథ ఇక చెప్పను. మీ మామ కాలు తీసింది ఆ కథే."

"కథ తీయలేదు అవ్వా," అంది రేగి. "కథ మంచిదే. అడగనివ్వకపోవడం తీసింది. తునికి పండు అబద్ధమా? ఎండ్రకాయ అబద్ధమా? అవన్నీ మాకు కావాలి. ఆ అడవి మాకు నీ నోట తప్ప ఇంకెక్కడా లేదు."

బూదవ్వ గోళ్లు నాకడం ఆపి మనమరాలిని చూసింది. తర్వాత లేచి కుంటుకుంటూ మిట్ట ఎక్కింది. తునికి పండు రాలిన చప్పుడు చెప్పింది. ఎండ్రకాయను చెరిసగం చేసిన అమ్మను చెప్పింది. ఎప్పుడూ చెప్పనిది కూడా ఒకటి చెప్పింది. విడిపించిన తమ్ముడు ఆ రాత్రే అమ్మ ఒడిలో చనిపోయాడని. గుంపంతా ఆకాశం వైపు మూతులెత్తి ఊళ పెట్టింది, చూడని ఆ చిన్నవాడి కోసం.

ఊళ ఆగాక, గుంపు అలవాటుగా ఆ పాత మాట కోసం నోరు తెరిచింది. బూదవ్వ తల అడ్డంగా ఊపింది.

"అది మా కాలం. చెప్పేశాను," అంది. "ఇప్పుడు ఈ నేల మీద ఏముందో మీరు చెప్పండి. నేను వింటా. తర్వాతే మేతకు పోదాం. ఎవరు ముందు?"

పెద్దలు చెప్పడం, పిల్లలు వినడం తప్ప వాళ్లకు అలవాటు లేదు మరి.

అప్పుడు వెనక నుంచి గండడు మూడు కాళ్ల మీద లేచి నిలబడ్డాడు.

"నేను చెబుతా," అన్నాడు. "పచ్చిమట్టి వాసన ఎలా ఉంటుందో చెబుతా. రేగీ, నేను తప్పు చెబితే అడ్డుకో. నవ్వను."

నీతి: పెద్దల మాటను ప్రేమతో వినాలి, ఈనాటి నేలను మాత్రం మన ముక్కుతో మనమే వాసన చూడాలి; ప్రశ్నను నవ్వి తోసేసిన గుంపు, ప్రమాదం కాలికి చుట్టుకున్నా గుర్తుపట్టలేదు.