అచ్చియమ్మ వాటా

ఊఁ కొట్టేవాళ్లు దగ్గరికి జరగండి. కొండలకింకా ఎవరూ పేర్లు పెట్టని కాలమది. ఒక కోట. ఆ కోటకో వంటిల్లు. ఆ వంటింట్లో ఒక రోలు. ఆ రోటి దగ్గర అచ్చియమ్మ. పొద్దున కారం దంచేది, మధ్యాహ్నం పిండి దంచేది, సాయంత్రం పసుపు దంచేది.

కోట దొర మంచి తిండిపుష్టి గలవాడు. తను తిన్న వంటలన్నీ పుస్తకంగా ఉండాలని ఆయనకు బుద్ధి పుట్టింది. కామేశం పంతులు తాటాకులూ గంటమూ పట్టుకుని వంటింట్లో కూర్చున్నాడు. వంటవాళ్లు చెబుతుంటే రాసేవాడు.

పాయసం రాసిన రోజు అచ్చియమ్మ అడిగింది.

"పంతులుగారూ, మా టెంక అంబలి కూడా రాయండి బాబూ."

"మామిడి టెంకలా? పందులు కూడా ముట్టవు కదే!"

వేటమాంసం రాసిన రోజు మళ్లీ అడిగింది.

"మొన్నటి కరువులో నా ముగ్గురు పిల్లల్నీ ఆ అంబలే బతికించింది. ఇప్పుడు వాళ్లు తలో దేశం పోయారు, నేను పోతే చెప్పేవాళ్లుండరు. రాయండి బాబూ."

వంటవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. "రాయండి పంతులుగారూ, దొరగారి పెళ్లివిందులో వడ్డిద్దాం!"

బూరెలు రాసిన రోజు మూడోసారి అడిగింది. పంతులు తల కూడా ఎత్తలేదు. అచ్చియమ్మ రోకలి గోడకు ఆనించింది. పోయి రోటి మీద కూర్చుంది.

"ఓసి ముసలిదానా! రోటి మీద కూర్చుంటే అరిష్టమే!" అని పంతులు కేకేశాడు.

"రాయండి. లేస్తాను."

ఒక రోజు కూరలో కారం లేదు. రెండో రోజు పులుసులో పొడి లేదు. మూడో రోజు దొరే వంటింట్లోకి వచ్చాడు.

"ఏమిటే ఇది?"

"మీ పుస్తకంలో ప్రతి వంటలోనూ నేను దంచిందే ఉంది దొరా. నాది ఒక్కటి రాయించండి."

"రాసెయ్యవయ్యా పంతులూ! నాలుక చచ్చిపోయింది నాకు!"

ఒకే ఒక్క ఆకు మిగిలి ఉంది, అన్నిటికన్నా చివరిది. అందులో రాశాడు. అచ్చియమ్మ మూడుసార్లు చదివించుకుని విన్నది. అప్పుడు లేచింది.

కొన్నేళ్లకు అచ్చియమ్మ పోయింది. ఆ మరుసటేడు మిడతల దండు దిగింది. చేలు పోయాయి, గాదెలు ఖాళీ అయ్యాయి. ఆకలికి ఆగలేక జనం పెంటకుప్పల్లోని టెంకలు పగలగొట్టి, లోపలి జీడి ఉడికించుకు తిన్నారు. తిన్నవాళ్లకు వాంతులు. ఇద్దరు చనిపోయారు.

ముసలి పంతులు పుస్తకం విప్పాడు. పాయసానికి బియ్యం లేవు. వేటమాంసానికి వేట లేదు. బూరెలకు నెయ్యి లేదు. చివరి ఆకు తీశాడు. వీధిలో నిలబడి, గొంతు పగిలేలా చదివాడు.

"జీడి ఎండబెట్టు. మెత్తగా దంచు. గుడ్డలో మూటగట్టి పారే వాగులో పెట్టు. ఒక రోజు చేదు పోదు. రెండో రోజూ పోదు. మూడో రోజు నాలుక మీద వేసుకు చూడు. చేదు ఉంటే మళ్లీ వాగుకే. లేకుంటే పొయ్యి మీదికి."

ఊరంతా దంచింది. దొర కూడా రోకలి పట్టాడు. వాగు పొడుగునా మూటలే. నాలుగో రోజు ప్రతి ఇంటి పొయ్యీ వెలిగింది. ఆ తర్వాత ఆ ఊళ్లో ఆకలికి ఒక్క ప్రాణం పోలేదు.

అందుకే ఆ వైపు ఇళ్లలో వంటల పుస్తకం ఎవరు మొదలుపెట్టినా ముందు చివరి పేజీ రాస్తారు. ఆ పేజీ టెంక అంబలిది. మామిడిపండు తిన్న పిల్లలు టెంక పారెయ్యబోతే పెద్దవాళ్లు చెయ్యి పట్టుకుంటారు.

"ఆగు, అది నీది కాదు. అచ్చియమ్మ వాటా. ఎండలో పెట్టు."