సున్నం కింది దూలం

అలికిన ఇంటికి ముగ్గే అందం,
ముగ్గేసిన వాకిటికి నడకే అందం,
నడిచే పాదాలకు...

ఆ పైన ఏమిటో వెంగమ్మకు గుర్తు రాదు. చిన్నతనంలో వాళ్ళమ్మ వెంట గోడలు అలుకుతూ పాడిన పాట అది. సగం ఉంది, సగం పోయింది. ఉన్న సగాన్నే తిప్పి తిప్పి పాడుకుంటూ, ఒక పాత ఇంటి గోడకు సున్నం వేస్తోంది వెంగమ్మ.

ఎవరీ వెంగమ్మ అంటారా? చెబుతా వినండి.

అనగా అనగా, బల్లుల మాట మనుషులకూ, మనుషుల మాట బల్లులకూ తెలిసే కాలంలో, గోగులపేట అని ఒక ఊరు ఉండేది. ఆ ఊళ్ళో గాజులమ్మే వెంగమ్మ ఉండేది. గాజుల మలారం భుజాన వేసుకుని వీధి వీధీ తిరిగేది. ఏ ఇంట పెళ్ళయినా, ఏ ఇంట శ్రీమంతమయినా ఆమె తొడిగిన గాజులే. తొడిగే ముందు ప్రతి గాజునూ గోటితో ఒకసారి మీటేది. ఖంగుమందా, తొడిగేది. మూగగా ఉందా, కంటికి కనబడని బీట ఉందన్నమాట. పక్కన పారేసేది.

"వెంగమ్మ తొడిగిన గాజు అరిగిపోవాలే గాని పగలదు" అని ఊరి ఆడవాళ్ళు చెప్పుకునేవారు.

వయసు మీద పడింది. మలారం మోసి మోసి భుజం కాయ కాసింది. పొరుగూళ్ళో ఎవరో పాత ఇల్లు కొని, బాగుచేసి అమ్మి, ఇప్పుడు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడని విన్నది.

"ఇంతమంది చేతులకు అందం తెచ్చినదాన్ని, నాలుగు గోడలకు తేలేనా?" అనుకుంది. దాచుకున్నదంతా పెట్టి, ఒక వీధి చివర పాడుబడ్డ పెంకుటిల్లు కొన్నది.

కొన్నాక గాని తెలియలేదు. ఇల్లు బాగుచేయడమంటే ఉల్లిపాయ వలచడమే. ఒక పొర తీస్తే ఇంకో పొర. ప్రతి పొరకూ కన్నీళ్ళే. సున్నం వేద్దామని గోడ గీకితే మట్టి రాలింది. మట్టి మెత్తితే ద్వారం ఒరిగి తలుపు బిగుసుకుంది. తలుపు ఊడదీసి బిగిస్తే ఆ అదురుకు పెంకులు జారాయి. కొంగుముడి ఖాళీ అయ్యేసరికి మాత్రం ఇల్లు ముచ్చటగా తయారయింది.

ఒక్క పని మిగిలింది. నడిమింట్లో అడ్డంగా పెద్ద దూలం. ఇంటికప్పు బరువంతా దాని మీదే. దానికి ఎర్రజాజు పూద్దామని వెంగమ్మ నిచ్చెన ఎక్కింది. అలవాటు కొద్దీ గోటితో మీటింది. పలకలేదు. వేలి కణుపుతో కొట్టింది. లోపల గుల్లగా చప్పుడయింది.

"ఏం వింటున్నావు వెంగమ్మా?" అని అడిగింది దూలం మీది బల్లి. బల్లంటే బల్లి కాదది, తొండలా బలిసి ఉంది.

"ఓసి నీ దుంపతెగ! ఇంత ఒళ్ళు ఎట్లా చేశావే?"

"నీ ఇంటి చలవే తల్లీ. ఈ దూలం నిండా చెదలు. పొద్దున్నే ఫలహారం, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం చిరుతిండి. దూలం ఉన్నన్నాళ్ళూ నాకు పండగే. అది ఎన్నాళ్ళుంటుందని మాత్రం నన్నడగకు."

దూలం మార్చాలంటే పెంకులన్నీ దించాలి. వాసాలన్నీ ఊడదీయాలి. చేసినదంతా మళ్ళీ చేయాలి. చేతిలో చూస్తే ఏమీ లేదు.

"పైకి కనబడదు కదా" అన్నది మనసు. మనసు అట్లాంటి మాటలు ఎంత మెల్లగా అంటుందో! వెంగమ్మ చెదలు తొలిచిన బెజ్జాల్లో బంకమట్టి కూరింది. పైన సున్నం పట్టించింది. సున్నం మీద జాజు పూసి, పసుపు రాసి, కుంకుమ బొట్లు కూడా పెట్టింది. ఆ పూట ఆమె పాట పాడలేదు.

మొదట గానుగ శెట్టి వచ్చాడు ఇల్లు చూడటానికి.

"దూలం గట్టిదేనా వెంగమ్మా?"

"ఏనుగును కట్టేసినా కదలదు శెట్టిగారూ."

నిజమైన మాట మీద బల్లి పలుకుతుందని ఆ ఊరి నమ్మకం. శెట్టి చెవి రిక్కించాడు. బల్లి పలకలేదు. "ఒక్కసారి పలికి ఉంటే బాగుండేది" అంటూ చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

రెండోసారి వైద్యుడు వచ్చాడు.

"దూలం ఎట్లాంటిది?"

"తాతల నాటి టేకు అయ్యా. ఇనుముకు తమ్ముడు."

బల్లి ఈసారీ పలకలేదు. పైగా మూతి నాకుకుంది.

"నాడి చూడకుండా మందివ్వను. దూలం చూడకుండా ఇల్లు కొనను. నిచ్చెన తెప్పించు" అన్నాడు వైద్యుడు.

"నిచ్చెన విరిగిందయ్యా" అన్నది వెంగమ్మ, పెరట్లోని నిచ్చెన కనబడకుండా తలుపుకు అడ్డంగా నిలబడి. వైద్యుడు చిన్నగా నవ్వి వెళ్ళిపోయాడు.

"ఒక్కసారి టిక్కుమంటే నీ నోరేం అరిగిపోతుందే?" అని బల్లి మీద విరుచుకుపడింది వెంగమ్మ.

"అబద్ధం మీద పలికితే మా బల్లుల్లో వెలివేస్తారమ్మా. మీలో వెయ్యరా?"



మూడోసారి నేతపని చేసే ముక్తేశం వచ్చాడు. వెంట తల్లి అచ్చమ్మ, నెలలు నిండిన భార్య పేరిందేవి. పేరిందేవి చేతుల నిండా ఆకుపచ్చ గాజులు. శ్రీమంతం నాడు వెంగమ్మ తొడిగినవే.

ముక్తేశం పైకి చూశాడు. దూలం సంగతి అడగబోయాడు.

"ఊరుకో బావా!" అన్నది పేరిందేవి. "వెంగమ్మత్త ఇచ్చిన గాజే ఏనాడూ పగల్లేదు. ఆమె ఇచ్చిన ఇంటిని అనుమానిస్తావా?"

ఇక అబద్ధం చెప్పే పని కూడా లేకపోయింది. వెంగమ్మ ఊరికే తలాడించింది. ముందు ఇద్దరికీ చెప్పిన అబద్ధాల కంటే ఆ తలాడింపే ఆమెకు బరువయింది.

వాళ్ళు ఇల్లు కొన్నారు. పాలు పొంగించుకున్నారు. అచ్చమ్మ తొలి గిన్నె పాయసం వెంగమ్మ చేతికే ఇచ్చింది. వెంగమ్మ తలవంచుకునే తిన్నది. ఆనాటి నుంచి వెంగమ్మ ఆ వీధి వైపు పోవడం మానేసింది. గాజు మీటితే, మంచి గాజు కూడా మూగగా వినిపించేది. రేపు చెబుతాను అనుకునేది. వాన వస్తే గుండె పట్టుకునేది. వాన వెలిశాక, "నిలిచే ఉంది కదా" అనుకునేది.

పేరిందేవి ఆడపిల్లను కన్నది. ఒకనాడు అచ్చమ్మ నవ్వుకుంటూ వచ్చింది.

"వదినా, రేపు పాపను ఉయ్యాలలో వేస్తున్నాం. నల్లగాజులు నువ్వే తేవాలి. తొలి ఊపు నీ చేత్తోనే."

"ఉయ్యాల ఎక్కడ కడుతున్నారు వదినా?"

"ఎక్కడేమిటి? నడిమింటి దూలానికే! అట్లాంటి దూలం మా వీధిలో ఇంకెవరికుంది?"

మర్నాడు వెంగమ్మ కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళింది. ఇంటి నిండా పేరంటాళ్ళు. దూలానికి గొలుసులు, గొలుసులకు పూలు. బిడ్డ రాయిలా గట్టిగా ఉండాలని, ముందుగా సన్నికల్లు మీద నూరే పొత్రాన్ని ఉయ్యాలలో పడుకోబెట్టి ఊపడం ఆ ఊరి ఆచారం. పొత్రాన్ని పెట్టి ఊపారు. దూలం నిలిచింది. కాని పైనుంచి సన్నని దారంలా మన్ను రాలి ఆ పొత్రం మీద పడింది. వెంగమ్మ తప్ప ఎవరూ చూడలేదు.

"రాయినే మోసింది, గుప్పెడు పిల్లను మోయదా?" అన్నది మనసు. "ఇప్పుడు చెబితే ఈ ఊళ్ళో తలెత్తుకుని తిరగగలవా?"

"దూలం వదిలి గోడ మీదికి ఎందుకొచ్చావని నన్నడగవేం వెంగమ్మా?" అన్నది బల్లి.

పేరిందేవి పాపను ఎత్తుకుని ఉయ్యాల మీదికి వంగింది.

"ఆగు తల్లీ!" అని కేక పెట్టింది వెంగమ్మ. "పిల్లను పెట్టకు. ఆ దూలం గుల్ల. నాకు తెలుసు. తెలిసే అమ్మాను."

పేరంటాళ్ళు నవ్వారు. "ఇదేం వేళాకోళం వదినా? ఎండదెబ్బ గాని తగిలిందా?" అన్నది అచ్చమ్మ.

వెంగమ్మ మూలనున్న రోకలి తీసుకుని దూలాన్ని ఒక్క పోటు పొడిచింది. జాజు రాలింది. సున్నం రాలింది. బంకమట్టి రాలింది. ఆ వెనక కుప్పలు కుప్పలుగా చెదలు రాలి ఉయ్యాల నిండా పడ్డాయి.

"ఇన్నాళ్ళూ ఈమె చేతిలోనా మన చేతులు పెట్టాం!" అన్నది ఒకామె.

"గాజులకు కూడా ఏం పూసి అమ్మిందో!" అన్నది ఇంకొకామె.

"పాలు పొంగిన నాడు నా చేతి పాయసం ఎట్లా తిన్నావు వదినా?" అన్నది అచ్చమ్మ.

పేరిందేవి మాత్రం పిల్లను గుండెకు హత్తుకుని వాకిట్లోకి వెళ్ళిపోయింది. అదే అన్నిటికంటే గట్టిగా తగిలింది. వెంగమ్మ తలెత్తితే దూలం, దించితే చెదలు. ఎటు చూసినా తాను చేసిన పనే.

తెల్లవారేసరికి వెంగమ్మ తాను ఇన్నాళ్ళూ ఉంటున్న సొంత ఇంటి కప్పు విప్పించింది. తన తాత వేయించిన టేకు దూలాన్ని బండి మీద ముక్తేశం ఇంటికి తోలించింది.

"నీ ఇల్లు పడగొట్టుకున్నావా అత్తా?" అని నివ్వెరపోయాడు ముక్తేశం.

"నా ఇంట్లో ఉయ్యాల లేదు నాయనా" అన్నది వెంగమ్మ.

పొరుగింటి పంచలో తలదాచుకుంది. పొద్దంతా పెంకులు దించింది, కడిగింది, అందించింది. దారిన పోయే ఆడవాళ్ళు ఆమెను చూసి గాజుల చేతులు కొంగులో దాచుకునేవారు. చెదలు పోయాక తిండి కరువై, బల్లి కూడా సణుక్కుంటూ ఎటో వెళ్ళిపోయింది.

కొత్త దూలం కుదిరింది. మళ్ళీ ఉయ్యాల కట్టారు. ఈసారి పేరంటం లేదు, పూలు లేవు. వెంగమ్మ చేతులు కడుక్కుని పెరటి దారిన వెళ్ళబోతోంది.

"అత్తా, లోపలికి రా" అని పిలిచింది పేరిందేవి. ఆ నాటి తర్వాత ఆమె వెంగమ్మతో మాట్లాడటం అదే మొదలు.

వెంగమ్మ గడప దగ్గరే ఆగిపోయింది. "ముందు పొత్రం పెట్టి ఊపి చూడు తల్లీ. నా మాట నమ్మి పిల్లను పెట్టకు."

పేరిందేవి పొత్రాన్ని పక్కకు జరిపింది. పాపను ఉయ్యాలలో వేసింది. వెంగమ్మను చేయి పట్టి తెచ్చి, ఉయ్యాల గొలుసు ఆమె చేతిలో పెట్టి ఇట్లా అన్నది:

"నా కోపం ఇంకా పోలేదత్తా. కాని ఒకటి తెలుసుకున్నాను. ఏనాడూ తప్పు చేయలేదని పేరున్న మనిషి మాటనైనా ఒకసారి కొట్టి చూసుకోవాలి గాని, సిగ్గు దిగమింగి నలుగురిలో తన తప్పు తానే చెప్పుకున్న మనిషి మాట మీద బిడ్డను పడుకోబెట్టవచ్చు."