రెండు గాంధారాల నడుమ

నమ్మితే నమ్మండి, దంపుళ్ల నాంచారమ్మ రోకలి పట్టి పాట ఎత్తుకుంటే పట్టపుటేనుగులు చెవులు ఆడించడం మానేసేవి, ఏటి నీళ్లు ఆగి వెనక్కి చూసేవి. ఆ మహిమంతా ఒక్క స్వరానిది. సరిగమల్లో 'గ' అనే గాంధారాలు రెండుంటే, చిన్న గాంధారానికి పైన, పెద్ద గాంధారానికి కింద, సరిగ్గా నడుమ పలికేది. దానికి పేరు లేదు.

ఆస్థాన విద్వాంసుడు శరభాచార్యులకు అది గిట్టలేదు. శాస్త్రంలో లేని స్వరం ఎవరు పలికినా దేశం విడిచిపోవాలని రాజుగారి చేత శాసనం చేయించి, ఆమెను సభకు రప్పించాడు.

"పోతాను ప్రభూ," అంది నాంచారమ్మ. "ఈ నా పసిపిల్లను చంకనేసుకుని పోతాను. కానీ చేసిన తప్పేమిటో తెలియకుండా ఎలా పోను? ఆచార్యులవారిని ఆ స్వరం ఒక్కసారి పాడి చూపించమనండి."

ఆచార్యులు ఇరుకున పడ్డాడు. పాడితే తనూ దేశం విడవాలి. పాడలేకపోతే నేరానికి రుజువే లేదు.

"కానివ్వండి ఆచార్యులవారూ," అన్నాడు రాజు.

ముసలాయన కళ్లు మూసుకుని పాడాడు. స్వరం ఇసుమంతైనా తప్పలేదు. కోటలో గడియారపు గంట కొట్టేవాడు కూడా కొట్టడం మరిచిపోయాడు.

"ఇక ఇద్దరినీ పంపాలి కాబోలు," అన్నాడు రాజు దిగులుగా.

"ఎందుకు ప్రభూ?" అంది నాంచారమ్మ. "ఆచార్యులవారి నోట వచ్చాక అది శాస్త్రమే కదా. పేరొకటి పెట్టమనండి, చాలు."

ఆచార్యులు చెమట తుడుచుకుని, నాంచారి గాంధారం అన్నాడు. అప్పుడు గానీ గజశాలలో ఏనుగులు చెవులు కదిలించలేదు.